మా అత్తగారి చేతిలో జపమాల

మాది పర్లాకిమిడి, తాతల నాటి నుంచీ బాప్టిస్టులం. మా ఆవిడది బరంపురం, పుట్టుక ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్. పోయిన నెల మా అత్తగారు కాలం చేశారు. వాళ్ళవాళ్ళు పెట్టె చుట్టూ కూర్చుని, పూసలు తిప్పుతూ మరియమ్మను వేడుకునే జపమాల మొదలుపెట్టగానే మా సంఘంవాళ్ళు లేచి వాకిట్లోకి వెళ్ళిపోయారు. ఒక పెద్దాయన అందరికీ వినబడేలా "శవం దగ్గర కూడా విగ్రహారాధనేనా? ఆ పూసలు తీసెయ్యండి" అన్నాడు. మా ఆవిడ తల్లి చేతిని గట్టిగా పట్టుకుంది.

నేను పునీతులకు, అంటే మరియమ్మలాంటి గతించిన పరిశుద్ధులకు, ప్రార్థన చెయ్యను. బతికున్న విశ్వాసి చనిపోయిన విశ్వాసిని పిలిచి "నా కోసం ప్రార్థించు" అన్నట్టు మన బైబిలు 66 పుస్తకాల్లో ఎక్కడా లేదు. కానీ అవతలివాళ్ళు చెప్పనిది చెప్పారనడం అబద్ధసాక్ష్యం కాదా? ఆ జపంలో మాటలు విన్నారా? "మా కొరకు ఇప్పుడును మా మరణ సమయమందును ప్రార్థించండి." మరియమ్మను అడిగేది ప్రార్థించమని. 1563లో కాథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ కూడా పునీతులను వేడుకోవడం మంచిది, ఉపయోగకరం అంది, ఏకైక రక్షకుడు క్రీస్తేనని ఆ మాటతోపాటే చెప్పింది.

మనవాళ్ళు వెంటనే 1 తిమోతి 2:5 తీస్తారు. "మధ్యవర్తియు ఒక్కడే." నాకూ అది ప్రాణం. కానీ ఆ అధ్యాయం మొదట్లోనే పౌలు అందరి కోసం విజ్ఞాపనలు చెయ్యమన్నాడు. ఆపరేషనుకనీ, పరీక్షలకనీ, సూరత్ వెళ్ళిన కొడుకు క్షేమంగా తిరిగి రావాలనీ ప్రతి ఆదివారం చీటీలు రాసి పాస్టరుగారికి ఇస్తున్నాం కదా! దానివల్ల క్రీస్తు స్థానం తగ్గిందని ఎవరైనా అన్నారా? చనిపోయినవాళ్ళకు మన మాట వినబడుతుందా లేదా, పేచీ అక్కడుంది. అక్కడ వాదించండి.

వాదిస్తే అది బైబిలు మీదకే వస్తుంది. వాళ్ళ బైబిలు 73 పుస్తకాల్లో, మన 66లో లేని 2 మక్కబీయులు ఒకటి. ఎప్పుడో చనిపోయిన యిర్మీయా ప్రవక్త ప్రజల కోసం ప్రార్థిస్తున్నట్టు అందులో 15వ అధ్యాయంలో దర్శనం ఉంది. యూదుల హెబ్రీ లేఖనాల్లో ఆ పుస్తకం లేదు కదా అన్నాను మా బావమరిదితో. "ఏది లేఖనమో చెప్పే పట్టిక లేఖనంలో ఉందా బావా? అదీ సంఘ పారంపర్యమే కదా" అన్నాడు. నా దగ్గర సూటి జవాబు లేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అయినా సంఘం దారి తప్పితే దాన్ని దిద్దేందుకు సంఘానికి పైన ఒకటి ఉండాలి, అది లేఖనమే అని ఇవాళ్టికీ నమ్ముతున్నాను.

వచ్చే వారం అత్తగారి పేరున బరంపురం చర్చిలో దివ్యపూజ చెప్పిస్తున్నారు. మా ఆవిడతో వెళ్తున్నాను. నేను జపమాల చెప్పను, వాళ్ళు చెప్తున్నంతసేపూ ఆవిడ పక్కనే కూర్చుంటాను. మా సంఘంలో దీనికి అభ్యంతరం ఉన్నవాళ్ళు బైబిలు తీసుకుని మా ఇంటికి రండి.