మోసేవాళ్ళు లేని యుద్ధం

కొబ్బరి మట్ట మొదలు నరికి, ఆకులు దూసేస్తే తుపాకి సిద్ధం. వెడల్పుగా ఉండే మొదలు భాగం భుజానికి సరిగ్గా ఆనుతుంది. దానికి పీచుతాడు కట్టి వీపుకి తగిలించుకునేవాళ్ళం. 1999 వేసవి సెలవుల్లో మొదలైన ఆట బడులు తెరిచాక కూడా సాగింది. టీవీలో రోజూ కార్గిల్ వార్తలే. మాకు గడ్డిమేటే టైగర్ హిల్. పాకిస్తాన్ వైపు ఉండటానికి ఎవడూ ఒప్పుకోడు కాబట్టి పంటలు వేసుకునేవాళ్ళం. తూటా తగిలినవాడు పడిపోయి పది అంకెలు లెక్కపెట్టాలి. ఆ తర్వాత లేచి మళ్ళీ ఆడొచ్చు. గబగబా లెక్కపెడితే తొండి.

ఆ ఆట మమ్మల్ని చెడగొట్టిందని నేను అనుకోను. చేతికి కర్ర దొరికితే తుపాకి చేసుకోని పిల్లలు ఏ ఊళ్ళోనూ ఉండరు. నా బాధ వేరు. పిల్లలు ఆ ఆటలోంచి ఎప్పుడు, ఎలా బయటపడతారన్నదే నా ప్రశ్న. వయసు పెరిగితే దానంతట అదే పోతుందని చాలామంది నమ్ముతారు. నేను నమ్మను.

మేం బయటపడ్డది ఒక మనిషి వల్ల. గోదావరి జిల్లాల్లో ఫౌజుకి వెళ్ళొచ్చినవాళ్ళు తక్కువేం కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. మా వీధిలోనూ 1971 యుద్ధం చూసినాయన ఒకరుండేవారు. అందరికీ ఆయన మిలిటరీ తాతయ్యే. ఒకరోజు అరుగు మీంచి మా ఆట చాలాసేపు చూసి, లేచి వచ్చి అడిగారు: "ఒరేయ్, దెబ్బ తగిలినోణ్ణి ఎవరు మోస్తార్రా?"

మా ఆటలో ఆ పనే లేదు. ఆయన ఒక కొత్త రూలు పెట్టారు. పడినవాడు పడినట్టే ఉండాలి. నలుగురు వాణ్ణి చాప మీద వేసి, చేలగట్టు మీదుగా పంటకాలువ దాకా మోసుకెళ్ళాలి. ఇద్దరు పడేసరికి మా సైన్యమంతా మోతకే సరిపోయింది. తుపాకి పట్టుకోవడానికి చేతులు ఖాళీ లేవు. వారం తిరక్కుండానే అందరం క్రికెట్‌కి మారిపోయాం. మట్టలే బ్యాట్లయ్యాయి.

కార్గిల్‌లో 527 మంది ప్రాణాలిచ్చారు. వాళ్ళను తలుచుకుంటున్నాం, తలుచుకోవాలి కూడా. కానీ ఆ యుద్ధంలోనే గాయపడినవాళ్ళు 1,300 మందికి పైనే. వాళ్ళను ఆ కొండల మీంచి ఎలా దించారో, ఇళ్ళకి చేరాక వాళ్ళ బతుకులు ఎలా గడిచాయో మనలో ఎంతమందికి తెలుసు? ఈనాటి ఫోన్ గేముల్లో పడిపోయిన తోటివాడి పక్కన కొద్ది సెకన్లు కూర్చుంటే చాలు, వాడు లేచి పరిగెడతాడు. మా పది అంకెల లెక్కే అది. మోయాల్సిన పని మాత్రం అందులోనూ లేదు.

పిల్లల సంగతి సరే, నాకు టెన్షన్ పుట్టించేది పెద్దవాళ్ళే. 2025 మే నెలలో సరిహద్దులో ఉద్రిక్తత నడుస్తుంటే టీవీ ఛానళ్ళు వార్తల మధ్య సైరన్ మోత వేశాయి. ఆ శబ్దం కార్యక్రమాల్లో వాడొద్దని కేంద్ర ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. జనం దానికి అలవాటు పడితే నిజంగా దాడి జరిగిన రోజు పట్టించుకోరని ప్రభుత్వం భయం. అది మనకు అక్కర్లేని భయమేం కాదు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అప్పటికి పన్నెండేళ్ళున్న మా నాయనమ్మ, రాత్రికి రాత్రి బండి కట్టుకుని బంధువుల ఊరికి పోయిన సంగతి చెప్పినప్పుడల్లా, వదిలేసి వచ్చిన ఆవుదూడ దగ్గర ఆగిపోయేది. అలాంటి మనిషి పక్కన ఉంటే సోఫాలో కూర్చుని "ఇంకా కొట్టాల్సింది" అనడం అంత తేలిక కాదు. ఆ తరం వెళ్ళిపోతోంది. మాజీ సైనికులను ఆగస్టు 15న జెండా దగ్గర శాలువా కప్పి పంపేయకుండా, తరగతి గదిలో గంటసేపు కూర్చోబెట్టి పిల్లలతో మాట్లాడించాలి.

ఆ రోజు చాప మీద పడుకున్నవాడు మొదట్లో తెగ నవ్వాడు. నడి గట్టు మీద నా కాలు జారి చాప ఓ పక్కకి ఒరిగింది. కింద బోదెలో నీళ్ళు. వాడి నవ్వు ఆగిపోయింది.

"దింపెయ్యండ్రా, నేను నడుస్తా."

వెనకాలే వస్తున్న తాతయ్య, "నీకు కాళ్ళు లేవురా" అన్నారు.