ఆడతామన్నారు సరే, ఇంకా ఏమడిగారు?

ఆటగాళ్లే ఆడతామన్నారు కాబట్టి 2020లో కోవిడ్ ఉన్నా అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ జరపడం సబబేనని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. క్లెమ్సన్ యూనివర్సిటీ జట్టు స్టార్ ఆటగాడు ట్రెవర్ లారెన్స్ లాంటివాళ్లు ఆడనివ్వమని ఒక ప్రకటనలో గట్టిగానే అడిగారు, నిజమే. అయితే అదే ప్రకటనలో ఆటగాళ్లుగా తమకో సంఘం కావాలని కూడా అన్నారు. అప్పట్లో జీతంలేని ఆ కుర్రాళ్ల కోరిక వ్యాసంలో కనపడదేం?

కొన్ని యూనివర్సిటీ జట్ల కూటమి అయిన బిగ్ టెన్ ఆగస్టు 11న సీజన్ వాయిదా అంది, సెప్టెంబర్ 16న మాట మార్చింది. ఆటగాళ్లకు రోజూ కోవిడ్ టెస్టులట! మరి పక్క క్లాసులో కూర్చునే మామూలు విద్యార్థికో?

నవంబర్ 7న క్లెమ్సన్‌ను నోటర్‌డేమ్ యూనివర్సిటీ జట్టు 47-40తో ఓడించగానే విద్యార్థులు మైదానంలోకి ఎగబడ్డారు. భుజాలు రాసుకుంటూ ఒకటే గుంపు. కోవిడ్ సోకినందుకే లారెన్స్ ఆ మ్యాచ్ ఆడలేదన్న సంగతి ఎవరికి గుర్తుంది?

టీవీ ఒప్పందాల డబ్బు గురించి కూడా ఒక్క ముక్క రాయాల్సింది.