సవరణ: మిజోరం విడాకుల లెక్క, మన పర్లాకిమిడి
మొన్న ఆదివారం పోస్టులో "మిజోరంలో వంద పెళ్లిళ్లు జరిగితే నాలుగు విడాకులు" అని రాశాను. అది తప్పు. పాతపట్నం నుంచి మా బావ ఫోన్ చేసి నిలదీశాక జనాభా లెక్కల పట్టిక మళ్లీ తీశాను. అంకె సరైనదే, చదవడం నాకు చేతకాలేదు.

2011 లెక్కల్లో మిజోరానికి ఉన్న 4.08 శాతం, పెళ్లయినవారితో పోలిస్తే ఆ రోజుకి విడాకులతో ఉన్నవారి వాటా. దేశం మొత్తానికి అది 0.24. విడాకులయ్యాక మళ్లీ పెళ్లాడినవాళ్లు "వివాహితులు" గడిలోకే పోతారు. కాబట్టి ఎన్ని పెళ్లిళ్లు పెటాకులయ్యాయో ఈ అంకె చెప్పదు. విడాకులు తీసుకోకుండా విడిగా బతుకుతున్నవాళ్లది వేరే గడి, దేశవ్యాప్తంగా 0.61 శాతం. అంటే విడాకులకు రెండున్నర రెట్లు! అసలు రాయాల్సింది ఇదే, వదిలేశాను.

ఇంకోటి, మన పర్లాకిమిడి ఉన్న ఒడిశా గజపతి జిల్లా సంగతి. "అయితే మన గజపతి జిల్లాలో విడాకులే లేవన్నమాట" అని కొందరు అర్థం చేసుకున్నారు. నేను ఇచ్చినవి రాష్ట్రాల అంకెలు, జిల్లాలవి కావు. పైగా 1955 హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మన చుట్టుపక్కల సవర తెగవాళ్ల ఊళ్లలో పెద్దల ముందు తెగిన సంబంధాలను కోర్టు ఫైళ్లలో వెతికితే దొరకవు.

పాత పోస్టులో ఆ మిజోరం వాక్యం కొట్టేశాను.