జనరేటర్ మొరాయిస్తే తప్పంతా మాదేనా?

చిన్న పెట్రోల్ జనరేటర్లు స్టార్ట్ కాకపోవడానికి వాడేవాళ్ల నిర్లక్ష్యమే కారణమని ఒక వ్యాసంలో రాశారు. నేను సగమే ఒప్పుకుంటాను.

చిక్కడపల్లిలో మాకు జిరాక్స్ షాపు ఉంది. మే నెల గాలివానకు కరెంటు పోయిన రోజు, హాల్ టికెట్ల ప్రింట్ల కోసం పిల్లలు టెన్షన్‌గా నిలబడి ఉంటే, తాడు లాగి లాగి నా భుజం పట్టేసింది. ఇంజిన్ ఉలకలేదు, పలకలేదు. అంతకుముందు మూడుసార్లు వచ్చిన మెకానిక్ ప్రతిసారీ స్పార్క్ ప్లగ్ మార్చి డబ్బులు తీసుకున్నాడే తప్ప కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) విప్పి చూడలేదు. తర్వాత ఇంకొకతను విప్పితే, పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రం, అదే జెట్‌లో, పాత పెట్రోల్ బంకలా పేరుకుపోయి ఉంది.

నెలల తరబడి ట్యాంకులో పెట్రోల్ వదిలేశాను, అది నా తప్పే. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, అది తేమను పీల్చుకుంటుంది కాబట్టి నిల్వ ఉంచితే ఇంకా ఇబ్బంది. కానీ పక్కన పెట్టేముందు ఫ్యూయల్ కాక్ (ట్యాంకు నుంచి పెట్రోల్ వచ్చే కుళాయి) మూసి, కార్బ్యురేటర్‌లో ఉన్న పెట్రోల్ అయిపోయి ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపాలని అమ్మినవాళ్లు ఒక్క మాట చెప్పొచ్చు కదా? మాన్యువల్‌లో ఎక్కడో ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో ఉంది.

అందరికంటే ఎక్కువ తప్పు మాత్రం విప్పకుండానే మూడుసార్లు డబ్బు తీసుకున్న ఆ మెకానిక్‌దే. ఆ పిల్లలు వానలో ఇంకో షాపు వెతుక్కుంటూ వెళ్లిపోయారు.