మెరుపు చూసి ట్రంపెట్ కొనకుండ్రి

నల్గొండల పెండ్లిళ్ల సీజనొస్తె చాలు, అమ్మెటోళ్లు బ్యాండు పిల్లలకు అగ్గువ ట్రంపెట్లు అంటగడుతరు. బ్యాండు వాయిద్యాలకు పేరున్న ఊరని "మీరట్ మాల్, ఫస్ట్ క్వాలిటీ" అంటరు. ఊది చూస్తమంటె మొఖం మాడ్సుకుంటరు. ఊదకుండ ఎట్ల కొంటరయ్యా? మెరుపు పైన పూతది, స్వరానిది కాదు! వేళ్లతోని నొక్కే మూడు మీటలు, అంటె వాల్వులు, నొక్కి వదులుండ్రి, ఒక్కటి ఆగి ఆగి పైకొచ్చినా పక్కకు పెట్టుండ్రి. వాల్వు నొక్కకుండ దాని స్లైడ్, అంటె దానికున్న జరిగే గొట్టం, బయటికి లాగితే టప్పుమనాలె. చప్పుడు రాలేదా, గాలి కారుతున్నట్టే. ఈ అగ్గువ వాటిల శ్రుతి కలిపే గొట్టం, ట్యూనింగ్ స్లైడ్, కదలనే కదలదు, శ్రుతి ఎట్ల కలుపుతరు? అతుకుల కాడ టంకం ముద్దలు ముద్దలు! బరాత్ నడుమ వాల్వు ఇరుక్కుంటె తిట్లు వడేది ఎవరు? అప్పు చేసి కొన్న ఆ పోరడే. వాపస్ ఇస్తమంటె "ఊదినంక మాకు సంబంధం లేదు" అంటరు. కొనేటప్పుడు ఊదనియ్యంది మీరే కదా!