మూడెకరాల మాగాణి, పదెకరాల మెట్ట

సంక్షేమ పథకాలు ఉండాలా, పోవాలా అని మన దగ్గర జరిగే వాదన ఎన్నికల ముందు ఒక తీరుగా, ఎన్నికలయ్యాక ఇంకో తీరుగా సాగుతుంది. ఓట్ల ముందు వద్దనే పార్టీ ఒక్కటీ ఉండదు. గెలిచాక ఖజానా ఖాళీ అనే పాట, దాని వెనకే అనర్హుల ఏరివేత మొదలవుతాయి. ఈ గోలలో ఎవరూ తీసి చదవని కాగితం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుకూ, బియ్యం కార్డుకూ ఎవరు అర్హులో తేల్చే నిబంధనల కాగితం అది. కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10 వేలు, పట్నంలో 12 వేలు దాటకూడదు. మాగాణి అయితే మూడెకరాల లోపు, మెట్ట అయితే పదెకరాల లోపు ఉండాలి. కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదు. ఇంట్లో కారు, ప్రభుత్వోద్యోగి, ఆదాయపన్ను కట్టేవారు ఉండకూడదు.

చదివితే సబబుగానే ఉంటుంది. నేల మీదికి దిగితేనే తేడా తెలుస్తుంది. నెల్లూరు పక్కన కోవూరులో కాలువ కింద రెండున్నర ఎకరాలు, ఏటా పంట, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ వేరే కార్డులో ఉన్న కొడుకు. ఆ పెద్దాయన ఈ లెక్కలో పేద. అదే కనిగిరి దగ్గర వెలిగండ్ల, హనుమంతునిపాడు వైపు వెళ్తే పదకొండెకరాల మెట్ట ఉండి, బోర్లు వేసి వేసి అప్పులపాలై, కంది విత్తి ఆకాశం వైపు చూసే రైతు కనిపిస్తాడు. ఆయన మాత్రం ఉన్నవాడు. పట్టాదారు పుస్తకంలో ఎకరాలుంటాయి గానీ నీళ్ళుండవు. నిబంధన రాసినవాళ్ళు మాగాణికీ మెట్టకూ తేడా గుర్తించారు, మంచిదే. మెట్టలో మళ్ళీ బోరు పారే మెట్ట వేరు, పశువుల మేతకూ చాలని మెట్ట వేరు అన్నంతవరకూ వాళ్ళ చూపు పోలేదు.

కరెంటు షరతు ఇంకో తలనొప్పి. నెల్లూరు పాత బస్తీల్లో ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలు అద్దెకుంటాయి. బిల్లు అందరిది, మీటరు ఒకరి పేరున. ఎవరి ఆధార్‌కో ఎవరి మీటరో జతపడి, గుడిసెలో ఒక్క బల్బు వెలిగించుకునే మనిషి 300 యూనిట్లు కాల్చినట్టు సచివాలయం కంప్యూటర్‌లో తేలిన ఉదంతాలు ఈ జిల్లాల్లో కొత్త కాదు. అది సరిచేయించుకోవడానికి కరెంటు ఆఫీసుకొకసారి, సచివాలయానికొకసారి తిరగాలి. ఆ తిరుగుడుకు పోయే కూలి డబ్బులు ఏ పథకమూ ఇవ్వదు.

ఇంత చెప్పాక పథకాలే దండగ అన్న తీర్మానానికి మేం రావడం లేదు. మా అభిప్రాయం దానికి సరిగ్గా వ్యతిరేకం. పథకాలు ఉండాలి. కాకపోతే దొరగారి దయలా కాకుండా చట్టంలా ఉండాలి, కొలత నేలను చూసి ఉండాలి.

నెల మొదటి తేదీ పొద్దున్నే ఏ ఊళ్ళోనైనా చూడండి. సచివాలయం ఉద్యోగి వేలిముద్రల మిషన్ పట్టుకుని గడప ముందు నిలబడతాడు. అవ్వ కొంగుతో బొటనవేలు తుడిచి పెడుతుంది. పడదు. తడిపి పెడుతుంది, పడదు. జీవితమంతా నాట్లు వేసి, పొగాకు గ్రేడింగ్ చేసి అరిగిపోయిన వేలు అది. ఆఖరికి ఎలాగో పడ్డాక 4 వేలు చేతికొస్తాయి. చిల్లరకొట్టులో ఖాతా తీరుతుంది, నెలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలొస్తాయి. మనవడి చేతిలో ఓ యాభై పెట్టేంత పెత్తనం ఆ ఇంట్లో అవ్వకు మిగులుతుంది. కోడలు కసురుకోవడం కాస్త తగ్గిందని అవ్వలే నవ్వుతూ చెప్తారు. 2024 ఏప్రిల్, మే నెలల్లో ఎన్నికల గొడవలో ఇంటికొచ్చే పింఛను ఆగి, మండుటెండలో ముసలివాళ్ళు సచివాలయాల ముందు, బ్యాంకుల ముందు పడిగాపులు పడ్డారు. ఇది సోమరులకు వేసే భిక్ష అనేవాళ్ళు ఆ క్యూలను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

‘జనాన్ని కూర్చోబెట్టి మేపుతున్నారు, పొలానికి కూలి దొరకడం లేదు’ అనే మాట రైతుల నోటా వింటున్నాం. వాళ్ళ ఇబ్బంది అబద్ధం కాదు. నాట్ల వేళకు ఉత్తరాది ముఠాల కోసం ఎదురుచూడాల్సి వస్తోంది. అయితే 4 వేల పింఛను తీసుకునే డెబ్భై ఏళ్ళ మనిషిని నాట్లకు రమ్మని ఎవరూ పిలవరు. రాగలిగిన వయసువాళ్ళేమో కనిగిరి, పామూరు ప్రాంతాల నుంచి హైదరాబాద్, బెంగళూరు బేల్దారి పనులకు, గుంటూరు మిరప కోతలకు పోతున్నారు. పథకాలు మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఈ వలస బస్సులు ఎందుకు నిండుతున్నట్టు?

పథకాల వల్లే ప్రాజెక్టులు ఆగాయన్న వాదన మరొకటి. నెలకు 63 లక్షలకు పైగా పింఛన్లు, దాదాపు 2,700 కోట్ల రూపాయలు. చిన్న మొత్తం కాదు, రాష్ట్రం అప్పుల్లో ఉందన్నదీ నిజమే. కానీ మన వెలిగొండ ప్రాజెక్టునే చూడండి. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో నాలుగున్నర లక్షల ఎకరాలకు దగ్గరగా నీళ్ళిస్తామని 1996లో శంకుస్థాపన చేశారు. రెండో సొరంగం తవ్వకం పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. ఆ ఇరవై ఎనిమిదేళ్ళలో చాలా ఏళ్ళు పింఛను 75 రూపాయలు, ఆ తర్వాత 200 రూపాయలు. అప్పుడూ నీళ్ళు రాలేదు. పేదవాడికి ఇవ్వకపోతే ఆ డబ్బు దానంతటదే సొరంగంలోకి పోతుందని నమ్మడానికి మన అనుభవం ఒప్పుకోదు. నీళ్ళు రాకపోవడం వల్లే పింఛను అవసరం పెరిగిందన్నది అసలు సంగతి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మోకాళ్ళు బిగుసుకుపోయిన మనిషికి వికలాంగుల పింఛను 6 వేలు ఇస్తున్నాం, ఇవ్వాల్సిందే. ఆ ఆరు వేల లోంచే ఆయన క్యాన్ నీళ్ళు కొనుక్కుంటున్నాడు.

దిద్దుబాటు నిజంగా కావాల్సింది రైతులకు పెట్టుబడి సాయం ఇచ్చే పథకంలో. ఇందులో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకూ ఓ ప్రత్యేకత ఉంది. 2019 అక్టోబరు 15న రైతు భరోసాను అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి నెల్లూరు పక్కన కాకుటూరులో ప్రారంభించారు. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవను చంద్రబాబు నాయుడు దర్శి దగ్గర తూర్పు వీరాయపాలెంలో ప్రారంభించారు. జెండాలు మారాయి, పేరు మారింది, మొత్తం పెరిగింది. రెండుసార్లూ గట్టు మీద ఉండిపోయింది కౌలు రైతే. కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చే ఆరు వేలు భూమి పేరున్నవాడికే. రాష్ట్రం వాటా కావాలంటే కౌలు కార్డు ఉండాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం, గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలుకే ఇవ్వడేమోనని సాగుదారు భయం. చివరికి చెన్నైలోనో అమెరికాలోనో ఉన్న ఆసామి ఖాతాలో సాయం పడుతుంది, ఎరువు అప్పు మాత్రం దున్నేవాడి నెత్తిన.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. పొలంలో ఎవరు ఏ పంట వేశారో ప్రతి సీజన్‌లో ఈ-క్రాప్‌లో నమోదు చేస్తూనే ఉన్నారు. సంతకం కోసం తిప్పకుండా, సాగుదారుగా నమోదైన మనిషికే సాయం ఇవ్వాలి. నమోదు నిజంగా పొలం దగ్గరే జరగాలి, యజమాని చెప్పిన పేరు రాసుకుని పోయే పద్ధతి ఆగాలి. పదిమంది ఆసాములకు కోపం వస్తుంది, రానివ్వండి.

ఇంకో లెక్క కూడా ఈ సందర్భంలోనే చూడాలి. నెల్లూరులో ధాన్యం బేరం పుట్టి మీద, అంటే 850 కిలోల మీద నడుస్తుంది. 2024-25లో సాధారణ రకానికి కేంద్రం మద్దతు ధర క్వింటాకు 2,300. ఆ ప్రకారం పుట్టికి 19,550 రావాలి. కళ్ళంలో ధాన్యం తడుస్తుందన్న టెన్షన్‌తో పుట్టికి రెండు వేలు తగ్గించి తెగనమ్ముకుంటే, ఎకరాకు మూడు పుట్ల లెక్కన రెండెకరాల రైతు పోగొట్టుకునేది 12 వేలు. కేంద్రం, రాష్ట్రం కలిపి ఇచ్చే ఏడాదికి ఇరవై వేల సాయంలో సగానికి పైగా మిల్లు గేటు దగ్గరే ఆవిరి. కొనుగోలు కేంద్రం వేళకు తెరిచి, గోనె సంచులు వేళకు ఇవ్వడం కూడా సంక్షేమమే. దానికి బటన్ నొక్కే సభ ఉండదు కాబట్టి ఎవరికీ ఉత్సాహం ఉండదు.

అనర్హుల గురించి ఇంత మాట్లాడుతున్నాం, అర్హత ఉండీ అందనివాళ్ళను లెక్కపెట్టినవాళ్ళెవరు? నెల్లూరు జిల్లా చెరువు గట్ల మీద, రొయ్యల గుంటల దగ్గర కాపలా గుడిసెల్లో ఉండే యానాదుల్లో ఆధార్ లేని కుటుంబాలు ఏళ్ళ తరబడి ఉన్నాయి. బిడ్డ గుడిసెలో పుడితే జనన ధ్రువపత్రం లేదు. అది లేక ఆధార్ లేదు, ఆధార్ లేక బియ్యం కార్డు లేదు. కార్డు లేని మనిషి ఏ జాబితాలోనూ అనర్హుడు కూడా కాడు, అసలు కనిపించడు. ప్రత్యేక శిబిరాలు అప్పుడప్పుడు పెడుతున్నారు. గుంట నుంచి గుంటకు మారే కుటుంబం ఆ శిబిరం నాటికి ఎక్కడుంటుందో మరి.

ఏరివేత వద్దని మేం అనడం లేదు. దొంగ సర్టిఫికెట్లతో వికలాంగుల పింఛను తీసుకునేవాళ్ళు ఉన్నారు, వాటికి సంతకాలు పెట్టిన డాక్టర్లూ ఉన్నారు. 2025లో జరిగిన పునఃపరిశీలనలో వైకల్యం 40 శాతం కన్నా తక్కువని ఎందరికో నోటీసులిచ్చారు. నడవలేని మనుషుల్ని ఆటోల్లో వేసుకుని ఆసుపత్రుల చుట్టూ తిప్పారు. గగ్గోలు పుట్టాక, అప్పీలు చేసుకున్నవారికి పింఛను కొనసాగిస్తామని ప్రభుత్వం దిగొచ్చింది. మొదటి నోటీసులోనే ఆ మాట రాసి ఉండాల్సింది. దొంగ పత్రం ఇచ్చిన డాక్టరుకు ఏం శిక్ష వేశారో మాత్రం ఇంతవరకూ జనానికి గట్టిగా చెప్పింది లేదు.

ఇక డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న. నెల్లూరు జిల్లాలో ఆ ప్రశ్న వేయడానికి అందరికన్నా హక్కున్నది ఆడవాళ్ళకు. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న కూలి మహిళలు 1992లో సారాకొట్టు మూయించారు. ఆ సెగ రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. దూబగుంట పోరాటం నాటికి రెండు రూపాయల కిలో బియ్యం పథకం మొదలై దాదాపు పదేళ్ళు. ఆ మహిళల కోపమంతా బియ్యం ఇచ్చే ప్రభుత్వమే సారా వేలం పాటలు పెట్టడం మీద. ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే చోట నిలబడ్డాం. మద్యం రాబడిని చూపించి పథకాలకు అప్పులు తెచ్చిన ప్రభుత్వాన్ని చూశాం, 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకే క్వార్టర్ అని గొప్పగా చెప్పుకునే ప్రభుత్వాన్నీ చూస్తున్నాం. బిడ్డ చదువుకని అమ్మ ఖాతాలో తల్లికి వందనం 13 వేలు పడతాయి, నాన్న జేబులోంచి రోజుకో వంద దుకాణానికి పోతుంది. ఏడాదికి కూడితే ఎవరు ఎవరికి ఇస్తున్నట్టు? సంక్షేమానికి పెట్టే ఖర్చును మద్యం ఆదాయంతో ముడిపెట్టకూడదని, ఏటా ఆ ఆదాయంపై ఆధారపడటం ఎంత తగ్గించారో శాసనసభకు చెప్పాలని మేం కోరుతున్నాం.



ఈ తిప్పలన్నిటికీ మూలం ఒకటే, పింఛనుకు చట్టం లేకపోవడం. రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో, జబ్బులో, వైకల్యంలో ప్రజలకు సాయం అందించాలని ప్రభుత్వాలకు చెప్తుంది. ఉపాధి హామీ 2005లో చట్టంగా వచ్చింది కాబట్టే, పని అడిగిన పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే భృతి చెల్లించమని నిలదీసే అవకాశం కూలీకి దక్కింది. 2025 డిసెంబరులో దాని స్థానంలో పార్లమెంటు తెచ్చిన చట్టం ఏడాదికి పని రోజులను 125కు పెంచి, ఖర్చులో 40 శాతం చాలా రాష్ట్రాల మీద పెట్టింది. ఆ మార్పు మీద ఇంత చర్చ జరగడానికి కారణం కూడా అది చట్టం కావడమే. పింఛనుకు ఆ భాగ్యం లేదు. అది జీవోతో వస్తుంది, జీవోతో మారుతుంది, ముఖ్యమంత్రి మారినప్పుడల్లా పేరు మార్చుకుంటుంది. కేంద్రం సంగతి మరీ ఘోరం. ఎనభై ఏళ్ళ లోపు వృద్ధుడికి దాని వాటా ఇప్పటికీ నెలకు 200 రూపాయలే, అదీ దారిద్ర్యరేఖ జాబితాలో ఉన్నవాళ్ళకే.

పింఛను చట్టం బిల్లును రాబోయే శాసనసభ సమావేశాల్లోనే పెట్టాలి. మొత్తం ఏటా ధరలతో పాటు పెరిగేలా అందులో రాయాలి, అప్పుడు ఎన్నికల ముందు వేలం పాట పాడే అవసరం ఏ పార్టీకీ ఉండదు. ఆదాయ పరిమితిని, భూమి షరతును తిరగరాసి, మెట్ట భూమిని నీటి వసతిని బట్టి కొలవాలి. పింఛను ఆపే ముందు ఆ మనిషి వాదన వినడం తప్పనిసరి చేయాలి.

బిల్లు దాకా ఆగకుండా ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. ఉపాధి పనులకు ఊరి మధ్యలో అందరి ముందు జాబితా చదివి సామాజిక తనిఖీ చేయడం ఈ రాష్ట్రానికి అలవాటైన పద్ధతి. పింఛను జాబితాను కూడా అలాగే గ్రామసభలో పేరు పేరునా చదవాలి. అనర్హులెవరో ఊరికి తెలుసు, అడగలేక ఊరుకున్నవాళ్ళెవరో కూడా ఊరికి తెలుసు. తీసేసిన పేర్లతో పాటు కొత్తగా చేర్చాల్సిన పేర్లనూ అదే సభలో రాసుకుని, నెల లోపు ఏం చేశారో సచివాలయం గోడ మీద అంటించాలి. ఆయా జిల్లాల కలెక్టర్లు కనిగిరి, కోవూరు నియోజకవర్గాల నుంచి ఈ పని మొదలుపెట్టవచ్చు.