రోబోలో లోపమేమీ లేదు, స్తంభాలే మారాలి

స్తంభాలెక్కే చిన్న రోబోలు తయారుచేసేవారిలో ఎన్ని అభిప్రాయభేదాలున్నా ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. డిజైన్ బ్రహ్మాండంగా ఉంది. మోటార్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, వేసిన రంగు కూడా భలే కుదిరింది. అయినా రోబో కింద పడుతోందంటే తప్పు స్తంభానిదే. ఆడలేక మద్దెల ఓడు అంటున్నారని గిట్టనివాళ్లు అనొచ్చు. మద్దెల నిజంగానే ఓడైతే ఆడేవాడు ఏం కావాలో ఆ సామెత చెప్పదు. నిటారుగా నిలబడినంత మాత్రాన స్తంభాన్ని నిజాయితీగలదిగా లెక్కగట్టడమే ఇంతకాలం జరిగిన అన్యాయం. కనుక ఇందుమూలంగా స్తంభాలను నిలదీయడమైనది.

అభియోగాల్లో అతి తీవ్రమైనది సన్నబడటం. వీధి దీపాలకు వాడే తరహా స్తంభం ఒకటి కింద 120 మిల్లీమీటర్ల వ్యాసంతో పెద్దమనిషిలా మొదలవుతుంది. పైకి పోయేకొద్దీ చెప్పాపెట్టకుండా తగ్గుతూ 60కి దిగుతుంది. మన రోబో సంగతి చూద్దాం. బరువు కిలో. స్తంభం చుట్టూ 120 డిగ్రీల ఎడంతో మూడు చేతులు, చేతికో రబ్బరు చక్రం, ప్రతి చక్రాన్నీ స్తంభానికి అదిమిపట్టే ఒక స్ప్రింగు. కిలో బరువంటే 9.8 న్యూటన్లు. పొడిగా, శుభ్రంగా ఉన్న ఉక్కు మీద రబ్బరుకు ఘర్షణ గుణకం (అదిమే బలంలో ఎంత వంతు జారకుండా ఆపుతుందో చెప్పే సంఖ్య) 0.7 దాకా వచ్చినా, దుమ్మూ ధూళీ తలుచుకుని 0.4 వేసుకోవడం పెద్దల పద్ధతి. ఆ లెక్కన జారకుండా ఉండాలంటే మూడు చక్రాలూ కలిపి 24.5 న్యూటన్లతో అదమాలి. భద్రతకు రెట్టింపు వేస్తే 49. అంటే చక్రానికి 16 పైచిలుకు.

మన డిజైనరు ఇంకా ఉదారంగా 20 ఇచ్చాడు. మిల్లీమీటరుకు అర న్యూటన్ చొప్పున బలమిచ్చే స్ప్రింగును 40 మిల్లీమీటర్లు నొక్కి బిగించాడు. అడుగున రోబో ఉడుంపట్టు పట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. కాని స్తంభం వ్యాసార్ధం పైకి వెళ్లేసరికి 30 మిల్లీమీటర్లు తగ్గుతుంది. స్ప్రింగు అంతమేరా సాగుతుంది. మిగిలేది 10 మిల్లీమీటర్ల నొక్కుడు, 5 న్యూటన్ల పట్టు. నిజానికి అంతదాకా పోనక్కర్లేదు. వ్యాసం 73 మిల్లీమీటర్లకు రాగానే పట్టు చక్రానికి 8 న్యూటన్లకు పడిపోయి జారుడు మొదలవుతుంది. అడుగున జారితే ఎవరికీ నష్టం లేదు. సరిగ్గా పడితే ముక్కలయ్యే ఎత్తు చూసుకుని మరీ స్తంభం ఈ పని చేస్తుంది. దీన్ని కుట్ర అనకపోతే ఇంకేమంటారు?

మెత్తటి, పొడవైన స్ప్రింగు వేయమని కొందరు చాదస్తులు అంటారు. మిల్లీమీటరుకు 0.1 న్యూటన్ స్ప్రింగును 200 మిల్లీమీటర్లు సాగదీసి తగిలిస్తే అడుగున అవే 20 న్యూటన్లు, పైన 17. మూడు న్యూటన్లే తేడా. అంత పొడవు పట్టదనుకుంటే చేతిని కీలు మీద తిరిగే మీటగా చేసి, స్ప్రింగును కీలు నుంచి మూడో వంతు దూరంలో తగిలించొచ్చు. అప్పుడు చక్రం 30 మిల్లీమీటర్లు కదిలినా స్ప్రింగు కదిలేది 10. బలం మాత్రం మూడింతలు, అంటే 60 న్యూటన్లది కావాలి. లేదంటే ఎంత సాగినా దాదాపు ఒకే బలమిచ్చే చుట్టరేకు స్ప్రింగులూ ఉన్నాయి. ఇవన్నీ నిజమే. కాని స్ప్రింగును ఎన్నుకునే శాస్త్రం వేరు. సొరుగు తెరవాలి, చేతికి ఏది తగిలితే అదే డిజైన్. బాల్ పెన్ను స్ప్రింగుకు తగ్గట్టు స్తంభం మారడమే సబబు.

ఇంకో సంగతి కూడా స్తంభం లెక్కలోనే రాయాలి. పొదుపు కోసం మూడు చక్రాల్లో ఒకదానికే మోటారు పెట్టి, మిగతా రెండింటినీ ఊరికే తిరగనిచ్చే సంప్రదాయం ఒకటుంది. ఊరికే తిరిగే చక్రం అదమగలదు గాని మోయలేదు. మొత్తం 49 న్యూటన్లలో పనికొచ్చేవి ఆ ఒక్క చక్రం తాలూకు 16, దానిమీద ఘర్షణ ఆరున్నర. రోబో బరువు 9.8. ఫలితం అడుగునే తెలిసిపోతుంది కాబట్టి ఈ పద్ధతిలో ప్రమాదాలు తక్కువని ఒప్పుకోవాలి.

అసలు స్ప్రింగుల మీద ఆధారపడని ఉపాయం ఒకటుందని చెప్పడం ధర్మం, దాన్ని ఎందుకు పక్కన పెట్టారో చెప్పడం ఇంకా ధర్మం. పై చక్రం స్తంభానికి ఒకవైపు, కింది చక్రం రెండోవైపు ఉంచి, బ్యాటరీనీ బరువైన భాగాలనూ పై చక్రానికి ఎదురుదిక్కున దూరంగా జరిపితే, ఆ బరువే రోబోను వంచి రెండు చక్రాలనూ స్తంభానికి అదుముతుంది. చక్రాల మధ్య నిలువు దూరాన్ని ఘర్షణ గుణకానికి రెట్టింపుతో భాగించండి. బరువు కేంద్రం స్తంభం నడిమధ్య నుంచి కనీసం అంత దూరంలో ఉంటే చాలు. చక్రాల మధ్య 100 మిల్లీమీటర్లు, గుణకం 0.4 అయితే 125. రెండు చక్రాలకూ మోటార్లుండాలి. ఈ లెక్కలో రోబో బరువు ఎక్కడా లేదు, గమనించండి. బరువు పెరిగితే పట్టూ అంతే పెరుగుతుంది. స్తంభం సన్నబడినా రోబో కొంచెం వాలుతుందే తప్ప వదలదు. ఇన్ని సుగుణాలున్నా దీన్ని తిరస్కరించడానికి కారణం ఒక్కటే. ఒకవైపు బ్యాటరీ వేలాడుతుంటే ఫొటో అందంగా రాదు.

బ్యాటరీ మాట వచ్చింది కనుక స్తంభాల ఎత్తు గురించి కూడా తేల్చుకోవాలి. అవి మరీ పొట్టిగా ఉంటున్నాయి. పేరున్న ప్రతి డిజైన్‌లోనూ 11.1 వోల్టుల, 2200 మిల్లీయాంపియర్ అవర్ల లిథియం పాలిమర్ బ్యాటరీ ఉంటుంది. బరువు సుమారు 180 గ్రాములు. అందులో దాదాపు 88,000 జౌళ్ల శక్తి. కిలో బరువును మీటరు ఎత్తుకు లేపడానికి 9.8 జౌళ్లు చాలు. భాగించి చూస్తే 8,900 మీటర్ల పైమాటే, ఎవరెస్టు ఎత్తు 8,849. చిన్న గేరు మోటార్లలో నాలుగో వంతు శక్తే పనికొస్తుందనుకున్నా రెండు కిలోమీటర్లు దాటుతాం. ఎదురుగా ఉన్న స్తంభం ఎత్తు 6 మీటర్లు. ఇంత సామర్థ్యాన్ని అవమానించే హక్కు దానికెవరిచ్చారు? 7.4 వోల్టుల, 450 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీ 30 గ్రాముల్లో దొరుకుతుంది, దానితో కూడా 300 మీటర్ల ఎక్కుడు సాధ్యమే. తగ్గిన 150 గ్రాముల వల్ల కావలసిన పట్టు కూడా ఆ మేరకు తగ్గుతుంది. అయితే చిన్న బ్యాటరీ చూసి ఎవరూ ముచ్చటపడరు.

వర్షం, తుప్పు, పాత పోస్టర్ల జిగురు, ఊడే పెయింటు మీద విడిగా ఫిర్యాదు చేయవచ్చు. చక్రాలను స్పిరిట్ గుడ్డతో తుడవడం, గట్టి ప్లాస్టిక్ టైరు బదులు మెత్తటి సిలికాన్ వేయడం లాంటి చిల్లర పనులు డిజైనరు స్థాయికి తగినవి కావు.

ఇప్పుడు గుండ్రదనం. స్తంభం గుండ్రంగా ఉండటం వల్లే రోబో పైకి పోతూ పోతూ చుట్టూ తిరిగి, కెమెరాను అవతలి వైపుకు తీసుకుపోతోంది. చక్రం 2 డిగ్రీలు పక్కకు వాలి ఉంటే 5 మీటర్లు ఎక్కేసరికి 175 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. 100 మిల్లీమీటర్ల స్తంభం చుట్టుకొలత 314, అంటే సగం ప్రదక్షిణకు పైనే. కింద నుంచి కరెంటు తీగ వస్తుంటే అదీ భక్తిగా చుట్టుకుంటుంది. ఈ 2 డిగ్రీలు ఎక్కడివని అడిగితే 3 మిల్లీమీటర్ల స్క్రూకు 3.4 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, బ్రాకెట్ రెండు స్క్రూలనూ 10 మిల్లీమీటర్ల ఎడంలో పెట్టారంటారు. ఎడం 40 చేస్తే అర డిగ్రీకి దిగుతుందట. చదరపు స్తంభాలు వస్తే ఈ గొడవే ఉండదు.

చక్రాలు నచ్చనివారు పురుగు నడక పద్ధతి పట్టుకుంటారు. పైనొక పట్టు, కిందొక పట్టు, మధ్య సాగే నడుము. పై పట్టు వదలాలి, నడుము సాగాలి, పై పట్టు బిగియాలి, తర్వాత కింది పట్టు వదిలి నడుము ముడుచుకోవాలి. కాగితం మీద ఇంతకన్నా సురక్షితమైన నడక లేదు. ఎప్పుడు చూసినా ఒక పట్టు ఉండనే ఉంటుంది. అయినా ఈ జాతి రోబోలు చక్రాల రోబోల కన్నా నాటకీయంగా పడతాయి, కారణం కూడా ఆసక్తికరమైనదే. ఎంజీ996ఆర్ లాంటి సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలిచే మోటారు) ఒకటి బిగుసుకుపోతే 6 వోల్టుల దగ్గర రెండున్నర యాంపియర్ల దాకా లాగుతుంది. అలాంటివి మూడు ఒకేసారి ఉలిక్కిపడ్డాయంటే వోల్టేజి గభాలున కుంగుతుంది. అదే తీగ మీద బతికే కంట్రోలర్ బోర్డు స్పృహ తప్పి, తేరుకుని, ప్రోగ్రాం మొదటి వరుస నుంచి చదువుతుంది. మొదటి వరుసలో డిజైనరు రాసి పెట్టింది ఏమిటంటే: రెండు పట్లూ తెరువు. రోబో 4 మీటర్ల ఎత్తున రెండు చేతులూ చాచి కొత్త జీవితానికి స్వాగతం పలుకుతుంది.

దీనికి మందుంది. సర్వోలకూ బోర్డుకూ వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్లు వేరువేరుగా, గ్రౌండ్ (నెగటివ్ తీగ) మాత్రం ఉమ్మడిగా. సర్వోల సరఫరా తీగలకు దగ్గరగా కొంత విద్యుత్తు దాచుకుని కుంగినప్పుడు అందించే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ప్రోగ్రాం మొదలవగానే రెండు పట్లూ మూసే ఉండాలి. ఒక పట్టు బిగిసిందని చిన్న మైక్రోస్విచ్ సాక్ష్యం చెప్పేదాకా రెండోది తెరుచుకోకూడదు. పట్టును సర్వో కండబలంతో కాకుండా, మధ్యబిందువు దాటి దానంతటదే బిగుసుకునే కీలు అమరికతో నిలిపితే కరెంటు పోయినా వదలదు, సర్వో కూడా కాలదు. అయితే ఇన్ని చేసిన తర్వాత రోబో పడటం మానేస్తే నింద వేయడానికి స్తంభం దొరకదు, ఆ ఇబ్బంది గురించి ఎవరూ ఆలోచించడం లేదు.

స్తంభాల మర్యాదలేమి పరాకాష్ఠకు చేరేది కొసన. ఉన్నట్టుండి అయిపోతాయి. పై చక్రాలు గాలిలోకి పోయి రోబో వెనక్కి తలకిందులవుతుంది. శబ్ద తరంగాలతో దూరం కొలుస్తూ పైకి చూసే అల్ట్రాసోనిక్ సెన్సర్‌కు ఆకాశమే కనబడుతుంది, ఆకాశానికి ఎప్పుడూ అభ్యంతరం లేదు. చక్రం కన్నా 50 మిల్లీమీటర్లు ముందుగా స్తంభాన్ని తాకుతూ పోయే మీట స్విచ్ ఒకటి పెడితే, అది ఖాళీలోకి జారగానే మోటార్లు ఆపొచ్చు.

ఇక దిగడం. ఈ అంశం డిజైన్ పత్రాల్లో కనబడదు, గురుత్వాకర్షణ చూసుకుంటుందని నమ్మకం. మోటారుకు కరెంటు అందించే టీబీ6612 లాంటి డ్రైవర్ చిప్‌లో మోటారు రెండు కొసలనూ కలిపి బ్రేకు వేయొచ్చు, కాని ఆ బ్రేకు తిరిగే మోటారునే అడ్డుకుంటుంది, ఆగిన మోటారును పట్టుకోలేదు. కాబట్టి రోబో నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. పాత ఎల్298ఎన్ అయితే దారిలోనే 2 వోల్టులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే మింగి వేడి చేసుకుంటుంది. ఆగిన చోట ఆగాలంటే వర్మ్ గేరు (మరలాంటి ఇరుసు పళ్లచక్రాన్ని తిప్పే అమరిక) పెట్టాలి, చక్రం వైపు నుంచి దాన్ని సాధారణంగా వెనక్కి తిప్పలేరు. అందులో సగానికి పైగా శక్తి వృథా అవుతుందని ముక్కు విరుస్తారు, ఎవరెస్టుకు సరిపడా బ్యాటరీ మోస్తున్నవారే.

పైన చెప్పిన నేరాలేవీ చేయని స్తంభం ఒకటి ఉంది. బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టిన ప్లాస్టిక్ పైపు. దాని మీద ప్రతి రోబో హుందాగా నడుస్తుంది, వీడియోను పక్కకు తిప్పి చూపిస్తే నిటారుగా ఎక్కినట్టే ఉంటుంది. స్తంభాలన్నీ ఈ పైపును ఆదర్శంగా తీసుకోవాలి.

అంతదాకా ఓపిక లేనివారు ఒక పరీక్షను సిఫార్సు చేస్తున్నారు. స్తంభం బాగా సన్నగా ఉన్నచోట, తలెత్తుకన్నా కిందనే, రోబోను పట్టించాలి. చక్రాలు తిరగకుండా కట్టేయాలి. కింద స్ప్రింగు కాటా కొక్కెం తగిలించి నెమ్మదిగా లాగాలి. కిలో రోబో జారేముందు కాటా ఇంకో కిలో చూపాలి. తర్వాత స్తంభాన్ని తడిగుడ్డతో తుడిచి మళ్లీ లాగాలి. రెండుసార్లూ నిలిస్తేనే పైనుంచి తాడు కట్టి ఎక్కించాలట. దీనికి పట్టేది ఐదు నిమిషాలు. కాని ఆ ఐదు నిమిషాలు ఇప్పటికే రోబోకు పేరు పెట్టే సమావేశానికి కేటాయించేశారు.